పరిధి దాటిన పరిశోధకుడు: ‘లైప్‌జిగ్‌కు టాక్సీ’ – ఒక పరిశీలన

(కొమ్మూరి సాంబశివరావు స్మారక ఉపన్యాసం)



ఎవరి స్మృతికి ఈ సాయంత్రం అంకితమో ఆ కొమ్మూరి సాంబశివరావు తెలుగు పాఠకులకు డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని అసిస్టెంట్ రాజును పరిచయం చేసి, అద్దెపుస్తకాల షాపు నుంచి పడకమంచం దాకా కథను వెంట నడిపించిన రచయిత. పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం ముట్టనివారు సైతం ఆయన నవల చేతికి వస్తే తెల్లవారేలోగా పూర్తిచేసి, పొద్దున్నే మరొకదాని కోసం షాపు ముందు నిలబడ్డారంటే, తెలుగులో చదివే అలవాటును పెంచడంలో ఆ నవలల పాత్ర ఎంతటిదో తెలుస్తుంది. సాహిత్య విమర్శ ఆ కృషిని కాలక్షేపం అనే ఒక్క మాటతో పక్కన పెట్టినా, పాఠకుడు ఆయనను పక్కన పెట్టలేదు. ఆ ప్రక్రియను గౌరవంగా, నిదానంగా, ఒక శాస్త్రగ్రంథాన్ని చదివేటంత శ్రద్ధతో చదవడమే ఆయనకు తగిన నివాళి.

అందుకోసం ఈ ఉపన్యాసం దూరదేశపు ఉదాహరణను ఎంచుకుంటున్నది. పశ్చిమ జర్మనీ టెలివిజన్‌లో 1970 నవంబరు 29న, ఆదివారం రాత్రి ప్రసారమైన ‘టాక్సీ నాఖ్ లైప్‌జిగ్’, అంటే ‘లైప్‌జిగ్‌కు టాక్సీ’, ఈనాటికీ కొనసాగుతున్న ‘టాటోర్ట్’ అనే నేరపరిశోధన ధారావాహికకు తొలి భాగం. ఇక్కడ ప్రతిపాదించదలచిన వాదం ఒక్కటే: అపరాధ పరిశోధన కథ హంతకుడిని పట్టి ఇవ్వడంతో తృప్తిపడినప్పుడు వినోదంగా మిగులుతుంది, చట్టం చెయ్యి ఎంత దూరం చాచగలదో, ఎక్కడ ఆగిపోతుందో, ఆగిన చోట ఒక మనిషి ఏం చేయవలసి వస్తుందో చూపినప్పుడు తన కాలానికి సాక్ష్యంగా నిలుస్తుంది. ఈ వాదాన్ని ఆరు మెట్లలో పరిశీలించవచ్చు.

1. నేరం పరాయి ఊళ్లో జరిగిన రోజులు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీ ప్రేక్షకుడు నేరకథను ఎంతగానో ప్రేమించాడు గాని, ఆ నేరం ఎక్కువగా ఇంగ్లండులోనే జరిగింది. ఆంగ్ల రచయిత ఫ్రాన్సిస్ డర్‌బ్రిడ్జ్ కథ ఆధారంగా 1962 జనవరిలో ఆరు భాగాలుగా వచ్చిన ‘దాస్ హాల్‌స్టుఖ్’ (మెడకు చుట్టుకొనే కండువా అని అర్థం) ప్రసారమైన రాత్రుల్లో వీధులు నిర్మానుష్యమయ్యాయి. చివరి భాగానికి ముందు హాస్యనటుడు వోల్ఫ్‌గాంగ్ నాయిస్ బెర్లిన్ పత్రికలో ప్రకటన వేయించి హంతకుడి పాత్రధారి పేరు బయటపెట్టినందుకు జనం ఆయన మీద దేశద్రోహికి చూపేంత కోపం చూపారు. జర్మన్ నటులు జర్మన్ భాషలో నటించిన ఆ కథలో ఇన్‌స్పెక్టరు మాత్రం ఆంగ్లేయుడే, శవం దొరికిన నేలా ఇంగ్లండుదే.

దీనికి భిన్నంగా 1958 నుంచి 1968 వరకు సాగిన ‘స్టాల్‌నెట్స్’ అనే ధారావాహిక పోలీసు కేసు ఫైళ్లలోని వాస్తవ ఘటనలను తీసుకొని జర్మన్ వీధులనే చూపింది. 1969 జనవరిలో రెండో జాతీయ చానెలైన జడ్‌డీఎఫ్ ‘డేర్ కొమిస్సార్’ను ప్రారంభించి, మ్యూనిక్ నగరాన్నీ, తండ్రిలాంటి కొమిస్సార్ కెల్లర్‌నూ (కొమిస్సార్ అంటే దర్యాప్తు నడిపే పోలీసు అధికారి) ఇంటింటికీ తెచ్చింది. ఎరిక్ ఓడె పోషించిన ఆ పాత్ర ఎంతటి ఆదరణ పొందిందంటే, మొదటి చానెల్ తనకూ ఒక సమాధానం కావాలని వెతుక్కోవలసి వచ్చింది.

ఈ క్రమంలో గమనించవలసినది స్థలం దగ్గరకు జరిగిన తీరు. యుద్ధకాలపు అపరాధం ఇంకా మాటల్లోకి పూర్తిగా రాని సమాజానికి పరాయి దేశపు హత్య సుఖంగా ఉంటుంది, ఎందుకంటే దాని బరువు చూసేవాడి మీద పడదు. కథ సొంత వీధిలోకి వచ్చినప్పుడు ఆ సుఖం పోతుంది. పక్కింటివాడు, పై అధికారి, కన్నతండ్రి ఎవరైనా అనుమానితుడు కావచ్చు.

2. ఒక పేరు, అనేక నగరాలు

టాటోర్ట్ అంటే నేరస్థలం. కొలోన్ కేంద్రంగా పనిచేసే వెస్ట్‌డాయిషర్ రుండ్‌ఫుంక్ సంస్థలో నాటక విభాగానికి చెందిన గుంటర్ విట్టె ఈ ధారావాహికకు రూపకర్త. మొదటి చానెల్ అయిన ఏఆర్‌డీ ఒకే కేంద్రం నుంచి నడిచే సంస్థ కాక, 1950లో ఏర్పడిన ప్రాంతీయ ప్రసార సంస్థల సమాఖ్య కావడంతో, ప్రతి ప్రాంతమూ తన నగరం నుంచి, తన కొమిస్సార్‌తో, తన కథను తెచ్చి ఒకే శీర్షిక కింద ప్రసారం చేయాలని ఆయన ప్రతిపాదించాడు. పశ్చిమ జర్మనీలో పోలీసు శాఖ కూడా రాష్ట్రాల చేతిలోనే ఉండేది కాబట్టి ఈ ఏర్పాటు దేశ రాజ్యాంగ నిర్మాణానికి అద్దంపట్టింది. హాంబుర్గ్ అధికారికి మ్యూనిక్‌లో అధికారం లేదు. తొలి సంవత్సరాల భాగాలలో ఒక నగరపు కొమిస్సార్ మరొక నగరపు కథలో అతిథిగా కనిపించి వెళ్లడం ఈ నిర్మాణాన్ని ప్రేక్షకుడికి పదేపదే గుర్తుచేసేది.

ప్రారంభ దృశ్యాన్ని ఒక్కసారి దగ్గరగా చూడడం అవసరం. భయంతో విప్పారిన రెండు కళ్లు, వాటి మీద తుపాకీ గురి గీతలు, వేలిముద్రల్లా ముడుచుకొనే వలయాలు, తడిసిన తారు రోడ్డు మీద పరుగెత్తే కాళ్లు, వీటి వెనక క్లౌస్ డోల్డింగర్ కూర్చిన సంగీతం: అర నిమిషం మాత్రమే ఉండే ఈ దృశ్యం అర్ధ శతాబ్దం దాటినా దాదాపు అలాగే నిలిచిపోయింది. ఆ కళ్లూ కాళ్లూ హోర్స్ట్ లెటెన్‌మాయర్ అనే నటుడివి. తొలి రికార్డింగులో డ్రమ్స్ వాయించిన యువకుడు ఉడో లిండెన్‌బెర్గ్ ఆ తర్వాత జర్మన్ రాక్ సంగీతంలో పెద్ద పేరయ్యాడు. నేరస్థుడి ముఖాన్ని గాని, హతుడి ముఖాన్ని గాని పూర్తిగా చూపని ఈ దృశ్యంలో పారిపోయేవాడూ వెంటాడేవాడూ ఎవరో తేలదు. ఆ సందిగ్ధమే ధారావాహిక స్వభావాన్ని ముందుగా చెప్పింది.

మరొక ముఖ్య విషయం. ‘లైప్‌జిగ్‌కు టాక్సీ’ ఈ ధారావాహిక కోసం తీసిన చిత్రం కాదు. హాంబుర్గ్‌లోని ఉత్తర జర్మన్ ప్రసార సంస్థ, పత్రికా రచయిత ఫ్రీడ్‌హెల్మ్ వెరెమయర్ నవల ఆధారంగా, పీటర్ షుల్ట్సె-రోర్ దర్శకత్వంలో విడిగా తీసి ఉంచుకున్న చిత్రాన్ని, కొత్త శీర్షికకు తొలి కథ కావలసి వచ్చినప్పుడు ముందుకు తెచ్చారు. అలా వచ్చిన చిత్రమే ఆ శీర్షిక సారాన్ని అన్నిటికంటె స్పష్టంగా పట్టి ఇవ్వడం చరిత్ర చేసిన మేలు.

3. ఒక జత బూట్లు

కథ తెలియని శ్రోతల కోసం దాని సారాన్ని చెప్పక తప్పదు. ముగింపు తెలిసిన తర్వాత కూడా చూడదగిన చిత్రాల కోవకు ఇది చెందుతుంది.

ఆ రోజుల్లో పశ్చిమ జర్మనీ నుంచి పశ్చిమ బెర్లిన్‌కు కారులో వెళ్లాలంటే తూర్పు జర్మనీ భూభాగం గుండా పోయే రహదారి మీద ప్రయాణించవలసి వచ్చేది. ఆ దారిలో, లైప్‌జిగ్ సమీపంలో వాహనాలు ఆగే ఒక చోట చిన్న పిల్లవాడి శవం దొరుకుతుంది. ఆనవాళ్లు తెలిపే కాగితాలు లేవు గాని, వాడి కాళ్లకున్న బూట్లు పశ్చిమ జర్మనీలో తయారైనవి. తూర్పు జర్మనీ అధికారులు పశ్చిమ జర్మనీని సహకారం కోరుతారు, కొద్దికాలానికే ఆ అభ్యర్థనను ఉపసంహరించుకుంటారు. కాగితాల మీద వ్యవహారం ముగిసిపోయింది. ముగియనిది హాంబుర్గ్ హత్యా నేరాల విభాగపు కొమిస్సార్ పౌల్ ట్రిమ్మెల్ మనసులోనే.

వాల్టర్ రిష్టర్ పోషించిన ట్రిమ్మెల్ భారీ విగ్రహం, నోట్లో చుట్ట, చేతికందే దూరంలో మద్యం, ఎదుటివాడికి ఇచ్చకంగా మాట్లాడడం చేతకాని నాలుక గలవాడు. తూర్పున ఉన్న పాత పరిచయస్థుడైన పోలీసు అధికారిని అతడు ఫోనులో కదిపి లాగిన తీగ చివర ఎరిక్ లాండ్స్‌బెర్గర్ అనే వ్యక్తి కనిపిస్తాడు. లాండ్స్‌బెర్గర్‌కు పశ్చిమాన పెళ్లిలో పుట్టిన కొడుకు ఒకడు, లైప్‌జిగ్‌లో ఎవా బిల్‌సింగ్ అనే స్త్రీకి పెళ్లి లేకుండా పుట్టిన కొడుకు మరొకడు. తూర్పు లెక్కల ప్రకారం చనిపోయినది లైప్‌జిగ్ పిల్లవాడు. పశ్చిమాన తండ్రి దగ్గర ఆరోగ్యంగా తిరుగుతున్నది పెళ్లిలో పుట్టినవాడు. నిజం దీనికి సరిగ్గా తలకిందులు. రక్తపు కాన్సరుతో ఉన్న తన కొడుకు చనిపోగా, తండ్రి ఆ దేహాన్ని బెర్లిన్ దారిలో వదిలి, లైప్‌జిగ్ పిల్లవాడిని చనిపోయినవాడి పేరుతో తన ఇంటికి తెచ్చుకున్నాడు. తల్లి గాని, ఆమెకు దగ్గరివాడైన తూర్పు జర్మనీ పోలీసు అధికారి పీటర్ క్లౌస్ గాని ఈ రహస్యానికి బయటివాళ్లు కారు.

ఇంత పెద్ద కుట్రను బయటపెట్టడానికి ఆధారం ఆ జత బూట్లే. లైప్‌జిగ్ పిల్లవాడే చనిపోయి ఉంటే పశ్చిమ జర్మనీ బూట్లు వాడి కాళ్లకు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు, అభ్యర్థనను వెనక్కి తీసుకున్న కాగితం సమాధానం చెప్పదు. తండ్రి పిల్లవాడి పేరు మార్చగలిగాడు, పుట్టినతేదీ మార్చగలిగాడు. పిల్లవాడి కాలికి సరిపోయి, వాడు తిరిగి అరిగించిన వస్తువు మాత్రం ఎవరి పేరు మార్పుకూ లొంగలేదు. పంచనామాలో ఒక వరుసకు మించి చోటు దొరకని వస్తువు రెండు ప్రభుత్వాల దస్తావేజులను ఎదిరించి నిలవడం పరిశోధన కథ పాఠకుడికి నేర్పే అత్యుత్తమ పాఠాల్లో ఒకటి.

4. అధికారం చెల్లని చోట అధికారి

చిత్రానికి పేరు తెచ్చిన సన్నివేశం బలం ఆనాటి నిబంధన తెలిస్తేనే అర్థమవుతుంది. బెర్లిన్‌కు వెళ్లే పశ్చిమ జర్మన్ పౌరుడు తూర్పు భూభాగంలో నిర్ణీత రహదారిని విడిచి పక్క ఊరికి పోవడానికి వీల్లేదు. దక్షిణం నుంచి బెర్లిన్‌కు సాగే దారి లైప్‌జిగ్‌కు దగ్గరగానే పోతుంది, కాని ఆ దగ్గరతనం కంటికే గాని కాలికి అందదు. ట్రిమ్మెల్ కారు చెడిపోయినట్లు నటించి, దొరికిన టాక్సీ ఎక్కి, లైప్‌జిగ్‌లోని ఎవా ఇంటి తలుపు తడతాడు.

ఆ క్షణం నుంచి అతడు కొమిస్సార్ కాడు. అతని గుర్తింపుకార్డుకు విలువ లేదు, ప్రశ్నించే హక్కు లేదు, అరెస్టు అధికారం అసలే లేదు. పైగా చట్టం దృష్టిలో నేరం చేస్తున్నది అతడే. ఎదురుపడిన పీటర్ క్లౌస్‌కు మాత్రం ఆ నేల మీద పూర్తి అధికారం ఉంది, కాని కప్పిపుచ్చవలసిన రహస్యం కూడా అతనిదే. అధికారం ఉన్నవాడు నిజాన్ని దాస్తుంటే, అధికారం లేనివాడు నిజాన్ని అడుగుతున్నాడు. అధికార పరిధి, అంటే ఒక అధికారి ఏ భూభాగంలో ఏ విషయంలో చర్య తీసుకోగలడో నిర్ణయించే చట్టపు హద్దు, సాధారణంగా న్యాయశాస్త్ర గ్రంథాల్లో నిద్రపోయే భావన. ఇక్కడ అది ఇద్దరు మనుషుల మధ్య గదిలోకి వచ్చి కూర్చుంది.

ఈ సభలోని శ్రోతలకు పరిధి సమస్య పరాయిది కాదు. నేరం జరిగింది మా స్టేషన్ పరిధిలో కాదంటూ ఫిర్యాదుదారును మరో స్టేషనుకు పంపిన సందర్భాలు తెలుగునాట ఎన్ని కుటుంబాలకు ఎంత నష్టం చేశాయో తెలిసినదే. ఎక్కడ జరిగిన నేరానికైనా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయించే ‘జీరో ఎఫ్‌ఐఆర్’ పద్ధతికి 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను శాసనబలం ఇచ్చింది. హద్దు పాలనకు అవసరమే; హద్దును సాకుగా చేసుకొని పిల్లవాడి మరణాన్ని ఫైలు మూసి పక్కన పెట్టే హక్కు మాత్రం ఏ ప్రభుత్వానికీ లేదని చట్టం చెప్పడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. ట్రిమ్మెల్ చుట్ట ఆర్పకుండా టాక్సీ ఎక్కి చెప్పిన మాట అదే.

5. ఎవరి బిడ్డ, ఎవరి పేరు

ఈ కథలో సరిహద్దు నేపథ్యంగా నిలిచి ఊరుకోదు. నేరానికి పనిముట్టు అదే. ఒకే ఊళ్లో ఇద్దరు పిల్లలను మార్చడం ఎవరి తరమూ కాదు, ఎందుకంటే ఇరుగుపొరుగు, డాక్టరు, పాలవాడు, తోటిపిల్లలు ఆ ముఖాలను ఎరుగుదురు. 1961 ఆగస్టు 13న బెర్లిన్ గోడ లేచిన తర్వాత ఒక వైపు ముఖాలను మరో వైపు పోల్చుకోగల సాక్షులు దాదాపు లేకుండా పోయారు. రాజ్యాలు కట్టిన గోడ చాటున ఒక తండ్రి తన సొంత అబద్ధాన్ని నిలబెట్టుకున్నాడు; ఆ అబద్ధానికి కావలసిన నిశ్శబ్దాన్ని రెండు ప్రభుత్వాలూ ఉచితంగా సమకూర్చాయి.

ఇంతకంటె లోతైన గాయం మరొకటి ఉంది. పశ్చిమ జర్మనీ పౌరస్మృతి ప్రకారం, పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకూ తండ్రికీ చట్టం దృష్టిలో బంధుత్వమే ఉండేది కాదు. 1969లో చేసిన కొత్త చట్టం 1970 జూలై 1న అమల్లోకి వచ్చి ఆ నియమాన్ని తొలగించింది. చిత్రం ప్రసారమైనది ఆ తర్వాత ఐదు నెలలకు. తూర్పు జర్మనీ 1949 నాటి రాజ్యాంగంలోనే అలాంటి పిల్లల పుట్టుక వారికి నష్టం కలిగించరాదని రాసుకుంది. ఈ వెలుగులో చూస్తే లాండ్స్‌బెర్గర్ చేసిన పని మరింత క్రూరంగా కనిపిస్తుంది. నిన్నటిదాకా చట్టం తనకు బంధువుగా కూడా గుర్తించని కొడుకును అతడు ఇంటికి తెచ్చుకున్నాడు, కాని ఆ కొడుకుగా తెచ్చుకోలేదు. చనిపోయిన మరొకడి పేరు తొడిగి తెచ్చుకున్నాడు. బతికున్న బిడ్డకు సొంత పేరు దక్కలేదు, చనిపోయిన బిడ్డకు సొంత సమాధి దక్కలేదు.

తండ్రి దుఃఖం నిజమే, ప్రేమ కూడా నిజమేనని చిత్రం ఒప్పుకుంటుంది. లైప్‌జిగ్ తల్లి తన బిడ్డకు పశ్చిమాన మెరుగైన బతుకు దొరుకుతుందని ఆశించడాన్నీ అది ఎగతాళి చేయదు. తూర్పువాళ్లంతా దుర్మార్గులు, పశ్చిమంవాళ్లంతా ధర్మాత్ములు అనే తేలిక లెక్కను కూడా అది అంగీకరించదు. నేరానికి మూలమైనవాడు పశ్చిమం మనిషే. అయినా, ఒక బిడ్డ స్థానంలో మరో బిడ్డను నిలబెట్టవచ్చని అనుకోవడమే అసలు అపరాధమని, తండ్రి ఎంత ఏడ్చినా ఆ అపరాధం ప్రేమగా మారదని కథ నిలకడగా నిరూపిస్తుంది. ఈ నైతిక స్పష్టతే ఈ చిత్రాన్ని ఆనాటి సగటు నేరకథల నుంచి వేరుచేస్తుంది.

6. ప్రసారం తర్వాత చరిత్ర

ప్రసార కాలం కూడా గమనార్హం. 1970 మార్చి 19న పశ్చిమ జర్మనీ చాన్స్‌లర్ విల్లీ బ్రాంట్, తూర్పు జర్మనీ ప్రభుత్వాధినేత విల్లీ ష్టోఫ్ ఎర్ఫుర్ట్ నగరంలో సమావేశమయ్యారు. రెండు జర్మనీల ప్రభుత్వాధినేతలు కలుసుకోవడం అదే మొదటిసారి. ఈ చిత్రం ప్రసారమైన ఎనిమిది రోజులకు, డిసెంబరు 7న, వార్సాలోని యూదుల స్మారకం ముందు బ్రాంట్ మోకరిల్లాడు. బెర్లిన్ దారుల ప్రయాణ ఒప్పందం మీద 1971 డిసెంబరులోను, రెండు జర్మనీల మౌలిక ఒడంబడిక మీద 1972 డిసెంబరులోను సంతకాలయ్యాయి. దౌత్యవేత్తలు ఏ సమస్యల మీద కూర్చోబోతున్నారో వాటిని ఆదివారం రాత్రి భోజనం ముగించిన కుటుంబాల ముందుకు ఒక టెలివిజన్ కథ ముందే తెచ్చింది.

తరంగాలకు గోడ లేదు కాబట్టి పశ్చిమ ప్రసారాలను తూర్పున చాలా ప్రాంతాల ప్రజలు చూసేవారు. తూర్పు జర్మనీ టెలివిజన్ 1971 జూన్ 27న ‘పోలిట్సైరూఫ్ 110’ అనే సొంత ధారావాహికను ప్రారంభించి ‘టాటోర్ట్’కు జవాబిచ్చింది; 110 అక్కడ పోలీసులకు ఫోను చేసే నంబరు. 1990 అక్టోబరు 3న రెండు దేశాలు ఒకటైన తర్వాత తూర్పు సంస్థలు ఎన్నో మూతపడినా ఈ ధారావాహిక నిలబడి, నేటికీ ఆదివారం రాత్రులను ‘టాటోర్ట్’తో పంచుకుంటున్నది. 2016 నవంబరు 13న ‘టాటోర్ట్’ వెయ్యవ భాగం వచ్చినప్పుడు నిర్మాతలు దానికి పాత పేరే, ‘లైప్‌జిగ్‌కు టాక్సీ’ అనే పెట్టారు. తొలి చిత్రంలో పీటర్ క్లౌస్‌గా నటించిన హన్స్ పీటర్ హాల్‌వాక్స్, నవలాకర్త వెరెమయర్ అందులో కాసేపు కనిపించారు. అప్పటికి లైప్‌జిగ్‌కు టాక్సీ ఎక్కడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ముగింపు

పై ఆరు మెట్ల నుంచి తేలేది ఇది. పరిశోధన కథలో స్థలం అలంకారంగా ఉన్నంతకాలం ఆ కథ ఏ ఊరికైనా సరిపోతుంది, అందుకే ఏ ఊరికీ అవసరం కాదు. ఒక నిర్దిష్ట స్థలంలో, ఒక నిర్దిష్ట చట్టం కింద మాత్రమే జరగగల నేరాన్ని రచయిత పట్టుకున్నప్పుడు, కథ ఆ సమాజపు అంతరాత్మను సాక్షిబోనులో నిలబెడుతుంది. రెండు జర్మనీలు, వాటి మధ్య రహదారి, పెళ్లి లేని పుట్టుకకు చట్టం వేసిన ముద్ర అన్నీ కలిస్తేనే ఆ పిల్లల మార్పిడి సాధ్యమైంది. వాటిలో ఏ ఒక్కటి తీసేసినా కథ లేదు. అందుకే ఆ విభజన పోయి, ఆ చట్టం మారి, ఆ దారి మామూలు దారి అయిపోయిన తర్వాత కూడా కథ మిగిలింది.

తెలుగులో అపరాధ పరిశోధన నవల రాయదలచిన యువ రచయితలకు ఈ చిత్రం ఇచ్చే కొలమానం కఠినమైనదే గాని అందుకోదగినది. హంతకుడెవరన్న ప్రశ్నకు ముందు, ఈ నేరం ఇక్కడే, ఈ చట్టం కిందే, ఈ మనుషుల మధ్యే ఎందుకు జరగగలిగిందన్న ప్రశ్న వేసుకోవాలి. రాష్ట్ర సరిహద్దు గ్రామాలు, వలస కూలీల శిబిరాలు, దత్తత దస్తావేజులు, మార్చిన పుట్టినతేదీలు ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నాయి. పాఠకుడిని తెల్లవార్లూ మేలుకొలపగల నేర్పు ఈ భాషలోని రచయితలకు ఎప్పటినుంచో ఉంది. ఆ నేర్పును చట్టం చేరని చోట్ల నిలిచిపోయిన మనుషుల కోసం వినియోగించిన నాడు, తెలుగు పరిశోధన నవల కాలక్షేపం అన్న మాటకు తానే జవాబు చెబుతుంది.